వాటం

ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర సన్నటి ప్లాస్టిక్ ట్యూబు ఒకటి ఉంటుంది. అందులో నీళ్లు నింపి, ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస కూలీ చేతికిచ్చి, గోడల మట్టం సరిచూసుకుంటాడు. ట్యూబు ఎన్ని వంకర్లు పోయినా రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలబడతాయి. మా కాలనీలో డ్రైనేజీ గొడవ నడుస్తున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే, పక్క వీధిలో పనిచేస్తున్న మేస్త్రీని బతిమాలి ఆ ట్యూబు తెచ్చుకున్నాం. వీధి చివరి నుంచి మెయిన్ రోడ్డు దాకా పది మీటర్లకోచోట గుర్తులు పెట్టుకుంటూ కొలిచాం. మధ్యాహ్నానికి లెక్క తేలింది. మెయిన్ రోడ్డు మా వీధి చివరి కంటే అర మీటరు ఎత్తులో ఉంది. రెండేళ్ల కిందట మా వీధిలో వేసిన డ్రైనేజీ పైపు మాత్రం ఆ మెయిన్ రోడ్డులోని లైనులో కలిసేలా వేశారు.

పైపు మిట్ట వైపు పోవడమే తప్పని కాదు. ముందుకు పోయేకొద్దీ కందకం లోతు పెంచుకుంటూ పోతే మిట్ట కింద నుంచి కూడా మురుగు పారుతుంది. మా వీధిలో అలా జరగలేదు. జేసీబీ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే లోతున తవ్వింది. పైపులు వరసగా పేర్చారు, మట్టి కప్పారు, నెల తిరక్కుండా పైన సీసీ రోడ్డు పడింది. నేల ఎటు వాలితే పైపూ అటే వాలింది. మొదట్లో ఎవరికీ తెలియలేదు. ఒక్కో ఇల్లు కనెక్షన్ తీసుకున్నకొద్దీ, వీధి చివరి మూడు ఇళ్ల ముందు ఛాంబర్ మూతల అంచుల్లోంచి మురుగు ఊరడం మొదలైంది. ఆఖరింటి పెద్దావిడ గుమ్మం ముందు ముగ్గు వేయడం మానుకుంది.

మేస్త్రీల భాషలో దీనికి ఒక చక్కటి మాట ఉంది: వాటం. డాబా మీద వాననీళ్లు గొట్టం వైపు పోవడానికి ఇచ్చే వాలు వాటం, బాత్రూం నేలకు ఇచ్చేదీ వాటమే. ఊరి మురుగంతా ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది. ఒక వీధికి డ్రైనేజీ లైను ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎప్పుడు, ఎవరి డబ్బుతో అన్నది మున్సిపాలిటీ సమావేశాల్లో వీధి సమస్యగా చర్చకు వస్తుంది. నిజానికి అది ఆ వీధి నీళ్లు చివరికి చేరే పల్లం సమస్య. ఆ పల్లం దగ్గర మొదలుపెట్టని నిర్ణయం ఎంత మంచి మనసుతో తీసుకున్నదైనా ఆఖరింటి గుమ్మంలో తేలుతుంది.

పైపు తనను తాను కడుక్కోవాలి

మురుగు అనగానే చిక్కటి బురద గుర్తొస్తుంది గానీ అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు పైగా నీళ్లే. మిగిలిన ఆ కాస్తలోనే మలం, సబ్బు నురగ, నూనె జిడ్డు, గిన్నెలు తోమిన మెతుకులు, ఇసుక ఉంటాయి. ఆ కాస్తను నీళ్లు మోసుకుపోవాలంటే కొంత వేగం కావాలి. మన దేశంలో మురుగు లైన్లకు ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్ ఆ వేగాన్ని సెకనుకు 0.6 మీటర్లుగా చెబుతుంది. మనిషి తీరిగ్గా నడిచే నడకలో దాదాపు సగం. రోజులో ఒక్కసారైనా, అంటే పొద్దున అందరూ స్నానాలు చేసే వేళకైనా, పైపులో నీళ్లు ఆ వేగం అందుకోవాలి. అందుకుంటే రాత్రంతా అడుగున పేరుకున్న సిల్టు కొట్టుకుపోతుంది. అందుకోకపోతే ఇవాళ్టి సిల్టు మీద రేపటిది చేరుతుంది. పైకీ ఒక హద్దుంది. సెకనుకు 3 మీటర్లు దాటితే ఇసుక రాపిడికి పైపు అడుగే అరిగిపోతుంది.

మూడు వందల ఇళ్ల కాలనీ ఒకటి అనుకుందాం. ఇంటికి నలుగురు, మొత్తం పన్నెండు వందల మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు వస్తాయనీ, అందులో ఎనభై శాతం మురుగుగా తిరిగి వెళ్తుందనీ ఇంజినీర్లు లెక్క వేసుకుంటారు. కాలనీ మొత్తానికి రోజుకు దాదాపు 1 లక్షా 30 వేల లీటర్లు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది గానీ సెకనుకు లెక్కిస్తే లీటరున్నర. పొద్దుటి రద్దీలో దానికి మూడు రెట్లు, నాలుగున్నర లీటర్లు. ఈ పారుదలకు 200 మిల్లీమీటర్ల పైపును 250 మీటర్లకు ఒక మీటరు వాటంతో వేస్తే అది నిండుగా పారినప్పుడు సెకనుకు 20 లీటర్లు మోయగలదు. రద్దీ వేళలో కూడా మూడో వంతు లోతుకు మించి నిండదు.

అలాంటప్పుడు ఇంకా పెద్ద పైపు వేస్తే ఇంకా మంచిది కదా అని కాలనీ మీటింగుల్లో అడుగుతుంటారు. నేనూ అడిగాను. నాలుగున్నర లీటర్ల నీళ్లను రెండింతలు వెడల్పున్న పైపులో పోస్తే అవి పలచగా పరుచుకుంటాయి, లోతు తగ్గుతుంది, వేగం తగ్గుతుంది, సిల్టు దిగబడిపోతుంది. పైగా పెద్ద పైపుకు తక్కువ వాటం చాలునని దాన్ని ఇంకా చదునుగా వేస్తారు. కొత్త కాలనీల్లో ఈ కష్టం మరీ ఎక్కువ. మూడు వందల ప్లాట్ల లేఅవుట్‌లో ముప్పై ఇళ్లే లేచి ఉంటే, రద్దీ వేళలో పైపులో పారేది సెకనుకు అర లీటరు కూడా ఉండదు. ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాకు సరిపడేలా వేసిన లైను మొదటి అయిదేళ్లలోనే పూడుకుపోవడం వెనక కారణం ఇదే. నీళ్లు చాలినన్ని లేని చోట మురుగు లైను నిలవదు. అదే సంస్థ 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్ భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాలకు మనిషికి 70 లీటర్ల నీళ్లు చాలనీ, ఉన్నవాటికీ రాబోయేవాటికీ 135 లీటర్లు కావాలనీ చెప్పింది ఇందుకే. నల్లా నీళ్లు రెండు రోజులకోసారి వచ్చే ఊళ్లో డ్రైనేజీ ఎస్టిమేట్ చేతికి వస్తే, ముందు నీళ్ల ట్యాంకు సంగతి అడగాలి.

ఇక వాన. మన పట్టణాల్లో మురుగు లైను వేరు, వాననీటి కాలువ వేరు అన్నది నియమం. కానీ డాబా మీది గొట్టాన్ని తెచ్చి డ్రైనేజీ ఛాంబర్‌లో కలిపేసే ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి. అది ఎంత నష్టమో పై లెక్కతోనే తేలుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద గంటకు 20 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు అర లీటరు పైనే నీళ్లు దిగుతాయి. మూడు వందల ఇళ్లలో ముప్పై ఇళ్లు ఇలా కలిపితే చాలు, పదిహేడు లీటర్లు. పొద్దుటి మురుగుతో కలిసి ఇరవైఒకటి. పైపు మోయగలిగింది ఇరవై. మూతలు లేచి మురుగు పొర్లేది పల్లంలో ఉన్న ఇళ్ల ముందే, గొట్టాలు కలిపిన ఇళ్ల ముందు కాకపోవచ్చు.

చెరువులు గీసిన పటం

250 మీటర్లకు ఒక మీటరు వాటమంటే కిలోమీటరుకు నాలుగు మీటర్లు. చదునైన నేల మీద ఒక మీటరు లోతున మొదలైన పైపు కిలోమీటరు పోయేసరికి అయిదు మీటర్ల లోతుకు దిగిపోతుంది. అక్కడి నుంచి మురుగును మోటార్లతో పైకెత్తి మళ్లీ పారించాలి. గోదావరి డెల్టా పట్టణాల కష్టమిదే. నేల చదును, పైగా కాస్త తవ్వగానే ఊట. కందకంలో నీళ్లు తోడుతూనే పైపు వేయాలి, తర్వాత ఆ ఊట అతుకుల్లోంచి పైపులోకి దూరకుండా చూసుకోవాలి. మోటారు పెట్టారంటే కరెంటు బిల్లు, ఆపరేటరు, జనరేటరు కలకాలం మున్సిపాలిటీ మీద పడే ఖర్చు. హైదరాబాద్‌లో వాటానికి కొదవ లేదు, నేలంతా ఎత్తుపల్లాలే. అక్కడి కష్టం రాయి. రెండడుగులకే గుండు తగులుతుంది. బ్రేకర్ పెట్టి కొట్టే మీటరు కందకానికి మట్టిలో తవ్వేదానికంటే ఎన్నో రెట్లు ఖర్చు, చుట్టుపక్కల గోడలు అదురుతాయి కాబట్టి ఎన్నో రెట్లు జాగ్రత్త.

తెలంగాణ నేల వాటాన్ని మన పూర్వులు ఎప్పుడో కొలిచి పెట్టారు. గొలుసుకట్టు చెరువులంటే అవే. పై చెరువు నిండి అలుగు దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి, ఆఖరికి మూసీలోకో మంజీరలోకో. ఆ గొలుసు మీద వేలు పెట్టి గీసుకుంటూ పోతే, వీధి లైన్లన్నీ వచ్చి కలిసే పెద్ద పైపు, అంటే ట్రంక్ మెయిన్, ఎక్కడ వేయాలో తెలిసిపోతుంది. ఎందుకంటే మురుగుకూ వాననీటికీ భూమి చూపించే దారి ఒక్కటే. నీరు పల్లమెరుగు. ట్రంక్ మెయిన్ వేయకుండా పైనున్న కాలనీలకు వీధి లైన్లు వేస్తే ఆ మురుగు పోయేదీ ఆ గొలుసు వెంటే. లైను చివర ఒక వాగులో తెరిచి వదిలేస్తారు, వాగు చెరువులో కలుస్తుంది, రెండేళ్లలో చెరువు గుర్రపుడెక్కతో నిండిపోతుంది. కాలనీ శుభ్రపడింది, చెరువు చచ్చిపోయింది. చెరువు కింద ఉన్న ఊరివాళ్లు ఆ మున్సిపాలిటీ ఓటర్లు కారు కాబట్టి సమావేశంలో వాళ్ల గొంతు వినిపించదు.

మూసీ పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. హైదరాబాద్ పాత మురుగు శుద్ధి కేంద్రాల్లో పెద్దవి రెండూ, రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల అంబర్‌పేట కేంద్రం, 17 కోట్ల 20 లక్షల లీటర్ల నాగోల్ కేంద్రం, నది దిగువ వైపే ఉండటానికి కారణం ఆ పారుదలే. ఈ ఆలోచన కొత్తది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరదను ఆపే జలాశయాల పథకంతో పాటు నగరానికి డ్రైనేజీ పథకమూ ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటిని తలుచుకుంటాం. నేల కింద ఉన్నదాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ.

ఆ తర్వాతి నగరం ఆ పథకం హద్దులు దాటి పెరిగింది. చుట్టుపక్కల మున్సిపాలిటీలు పన్నెండింటిని నగరంలో కలిపి 2007లో గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చేశారు. పాత నగరంలో మురుగు బాధ్యత 1989 చట్టంతో ఏర్పడిన జలమండలిది. శివార్లలో చాలాకాలం జీహెచ్‌ఎంసీదే. పైపుకు ఈ కొస ఒకరిది, ఆ కొస ఇంకొకరిది. 2021లో శివార్ల మురుగు లైన్లనూ జలమండలికి అప్పగించారు. అదే ఏడాది 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి, అన్నీ కలిపి రోజుకు 125 కోట్ల లీటర్ల పైచిలుకు. పాత పద్ధతిలో అంతా మూసీ దిగువకే మోసుకుపోవడం బదులు, ఏ చెరువు పరీవాహకంలో పుట్టిన మురుగును అక్కడే శుద్ధి చేయాలన్నది ఇప్పటి ఆలోచన. నాకు ఇది సరైన దారే అనిపిస్తుంది. గొలుసుకట్టు పటాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవడం ఇది. అయితే శుద్ధి కేంద్రం కట్టగానే మురుగు నడుచుకుంటూ రాదు. కాలనీ పైపులు అక్కడి దాకా చేరాలి.

ఇక్కడే స్థానిక ప్రభుత్వం చేసే పనికి, నీళ్లు చేసే పనికి పొత్తు కుదరదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణాల పారిశుద్ధ్యాన్ని మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల్లో చేర్చింది. మున్సిపాలిటీ వార్డులుగా నడుస్తుంది. వార్డు హద్దు ఒక రోడ్డు. నీళ్లకు హద్దు మిట్ట. మా వీధి మురుగు సహజంగా పోవాల్సింది వెనక వార్డులోని వాగు పక్కకు. అక్కడ అప్పటికి ట్రంక్ లైను లేదు. మా వార్డు నిధులతో పక్క వార్డులో తవ్వడం కుదరదు. అందుకే మా వార్డు లోపలే ఉన్న మెయిన్ రోడ్డు లైనుకు, వాటం లేకపోయినా, కలిపారు. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కాలనీవాళ్లం వినతిపత్రం ఇచ్చాం, మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వచ్చి చూశారు, ఎస్టిమేట్ వేశారు, మంజూరైంది, టెండరు పిలిచారు, శంకుస్థాపనకు మేమే పూలదండలు తెచ్చాం. అన్ని సంతకాల మధ్యా ఒక్క కాగితం మాత్రం లేదు. ప్రతి మ్యాన్‌హోల్ దగ్గర నేల మట్టం ఎంత, పైపు అడుగు మట్టం ఎంత అని చూపించే బొమ్మ. ఇంజినీర్లు దాన్ని ఎల్‌ఎస్ అంటారు. ఒక గీత నేలది, దాని కింద ఇంకో గీత పైపుది. పదో తరగతి చదివిన ఎవరైనా దాన్ని చూసి లైను ఎటు పారుతుందో చెప్పగలరు. మేం అడగలేదు.

ముందు ఎవరు కట్టాలి?

మురుగు లైను ఖర్చులో ఒక విడ్డూరం ఉంది. నీళ్ల పైపు వస్తే అందరూ ఆ రోజే కనెక్షన్ తీసుకుంటారు. మురుగు లైను వస్తే, సెప్టిక్ ట్యాంక్ ఎలాగో నడుస్తున్నంతకాలం, చాలామంది ఆగుతారు. మళ్లీ తవ్వాలి, గ్రానైట్ తీయాలి, డబ్బు కట్టాలి. పైపు పూడకుండా ఉండాలంటే ఇళ్లు కలవాలి, ఇళ్లు కలవాలంటే పైపు బాగా పనిచేస్తుందన్న నమ్మకం ఉండాలి.

ఈ చిక్కుముడిని విప్పిన ఊరు ఆలందూరు. చెన్నైకి ఆనుకుని, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, అప్పట్లో విడి మున్సిపాలిటీ. జనాభా లక్షన్నర లోపు. దాదాపు ఇళ్లన్నీ సెప్టిక్ ట్యాంకుల మీదే ఆధారపడేవి. 1996లో ఛైర్మన్‌గా ఎన్నికైన ఆర్.ఎస్. భారతి భూగర్భ డ్రైనేజీ తలపెట్టినప్పుడు అంత డబ్బు మున్సిపాలిటీ దగ్గర లేదు. ఇంటికి 5,000 రూపాయలు ముందే డిపాజిట్ కట్టమని జనాన్నే అడిగారు. తర్వాత నెలకు 150 రూపాయల చార్జీ. ఆ రోజుల్లో అయిదు వేలంటే చాలా ఇళ్లలో నెల జీతం. నివాస సంఘాలు గడప గడపకూ తిరిగి ఒప్పించాయి. పైపు కంటికి కనిపించక ముందే వేల ఇళ్లు కట్టాయి. ఆ డబ్బు చూపించి మిగతాదానికి అప్పు తెచ్చుకోగలిగారు. పెరుంగుడిలో శుద్ధి కేంద్రాన్ని కట్టి, నడిపి, తర్వాత అప్పగించే పద్ధతిలో చేపట్టిన సంస్థల్లో ముందున్నది మన హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్. 2011లో ఆలందూరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయింది.

ఆలందూరు గురించి రాసేవాళ్లు ఎక్కువగా ప్రైవేటు భాగస్వామ్యాన్ని పొగుడుతారు. నన్ను కదిలించింది డిపాజిట్. ముందే డబ్బు కట్టిన ఇల్లు లైను రాగానే కనెక్షన్ తీసుకుంటుంది. అంటే పైపులో మొదటి రోజు నుంచే నీళ్లు పారతాయి. ఆ అయిదు వేలు మున్సిపాలిటీ ఖజానాకు ఎంత పనికొచ్చిందో పైపు వేగానికీ అంత పనికొచ్చింది.

మన శివారు కాలనీల్లో ఇదే చేద్దామంటే అడ్డుపడేది ఖాళీ ప్లాటు. మూడు వందల ప్లాట్లలో నూటయాభై ఖాళీ. ఓనర్లు కొందరు ఊళ్లో ఉంటారు, కొందరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. లైను వస్తే వాళ్ల ప్లాటు ధర పెరుగుతుంది, ఇవాళ్టికి వాళ్లకు మురుగు లేదు. ఇళ్లు కట్టుకున్నవాళ్లే అందరి వాటా మోయాలా? అమెరికా శివారు పట్టణాల్లో ఈ ప్రశ్నకు పాత జవాబు ఒకటుంది. లైను వెళ్లే వీధిలో ఎవరి స్థలం ముందు ఎన్ని అడుగులుంటే అన్ని అడుగుల లెక్కన, ఇల్లున్నా లేకపోయినా, చాలాచోట్ల ప్రత్యేక పన్ను వేస్తారు. కొన్నేళ్ల వాయిదాల్లో కట్టించుకుంటారు. వేసే ముందు బహిరంగ విచారణ పెట్టి స్థలాల ఓనర్ల అభ్యంతరాలు వింటారు. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో కొందరికి ఆ నోటీసు అందే ఉంటుంది. ఇక్కడి వాళ్ల ప్లాట్లకు అదే న్యాయం వర్తింపజేయడంలో నాకు తప్పేమీ కనిపించదు. ఇల్లు గడవని కుటుంబాలకు మాత్రం ఆ లెక్క కుదరదు. బస్తీలో యాభై గజాల ఇంటికి డిపాజిట్ అడిగితే ఆ ఇల్లు కలవదు, కలవకపోతే ఆ మురుగు అందరూ నడిచే మోరీలోకే వస్తుంది. వాళ్ల వాటా ఊరే భరించడం దయ కింద లెక్కేసే పని కాదు, ఊరి ఆరోగ్యానికి పెట్టుకునే ఖర్చు.

ప్రతి వీధికీ పైపు అక్కర్లేదు కూడా. 2011 జనగణన నాటికి దేశంలో పట్టణ ఇళ్లలో మురుగు లైనుకు కలిసినవి నూటికి 32.7, సెప్టిక్ ట్యాంకులున్నవి 38.2. దూరదూరంగా ఇళ్లు, పక్కన ఖాళీ నేల ఉన్న చోట సరిగ్గా కట్టిన సెప్టిక్ ట్యాంక్, దాని వెనక ఇంకుడు గుంత, రెండు మూడేళ్లకోసారి బండి వచ్చి తోడుకుపోవడం, తోడింది శుద్ధి కేంద్రానికే చేరడం, ఇంతే చాలు. వరంగల్ నగరం 2016లోనే దీనికి నిబంధనలు పెట్టుకుని, తర్వాత మల వ్యర్థాల శుద్ధి కేంద్రం నడిపింది. కానీ నూరు గజాల ప్లాట్లు గోడకు గోడ ఆనుకుని, ప్రతి ఇంటికీ ఒక ట్యాంకూ ఒక బోరూ ఉన్న కాలనీలో నేల ఆ భారం మోయలేదు. ట్యాంకుల నుంచి దిగిన నత్రజని నేలలో నైట్రేట్‌గా మారి బోరు నీళ్లలో కలుస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించకూడదని మన ప్రమాణం. అది మించితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోసే శక్తి కోల్పోయే ప్రమాదం ఉంది. నైట్రేట్ మరిగిస్తే పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇళ్లు ఈ స్థాయికి దగ్గరపడినప్పుడు మున్సిపాలిటీ ఇక వాయిదా వేయకూడదు.

వేసిన పైపు పాతబడినా ప్రమాదమే. నల్లా రోజంతా రాని ఊళ్లో నీళ్ల పైపు ఖాళీగా ఉన్న గంటల్లో, పక్కన కారుతున్న మురుగును పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుంటుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. నీళ్ల పైపు పైన, మురుగు పైపు కింద, మధ్య వీలైనంత దూరం అన్న నియమాన్ని ఇరుకు వీధిలో పాటించడం కష్టమే. కష్టమని వదిలేస్తే ఏమవుతుందో ఆ బస్తీకి తెలుసు.

మూత కింద

వాటం తప్పిన పైపులో ఏం జరుగుతుందో చివరి దాకా చెప్పాలి. నిలిచిపోయిన మురుగులో ప్రాణవాయువు అయిపోతుంది. అది లేకుండా బతికే సూక్ష్మజీవులు నీళ్లలోని సల్ఫేట్లను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. అది పైపు పైకప్పు తేమలో చేరితే అక్కడి ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి, కాంక్రీటు సుద్దలా రాలిపోతుంది. రోడ్డు మీద ఉన్నట్టుండి గొయ్యి పడటం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. మ్యాన్‌హోల్‌లో పోగైన ఆ వాయువు గాలి కంటే బరువు, అడుగునే ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు దాటేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయిందని దిగినవాడు ఇంకాస్త లోపల, ఇంకాస్త ఎక్కువ వాయువులో, కొన్ని శ్వాసల్లోనే కుప్పకూలుతాడు. అతన్ని లాగడానికి దిగినవాడూ అంతే.

2013 చట్టం సీవర్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు ఇలా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలంది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ పోరాటాన్ని దశాబ్దాలుగా నడిపి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్, కోలారు బంగారు గనుల దగ్గర ఈ పనే చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు. హైదరాబాద్ జలమండలి 2017లో సన్న సందుల్లోకి కూడా వెళ్లే డెబ్భై చిన్న జెట్టింగ్ యంత్రాలను దించింది. యంత్రాలు కావాలి, ఇంకా రావాలి. కానీ ప్రతి నెలా యంత్రం పిలిపించుకోవాల్సిన లైను మొదట్లోనే తప్పుగా వేసిన లైను. వినతిపత్రం మీద సంతకం పెట్టినప్పుడు నేను మా వీధి గురించే ఆలోచించాను. ఆ కాగితానికి ఇంకో కొసన, మూత తీసి లోపలికి చూసే మనిషి ఉన్నాడని ఆలోచించలేదు.

మా లైను మళ్లీ వేశారు. నాలుగేళ్లు పట్టింది. వెనక వార్డులో వాగు పక్కన ట్రంక్ లైను వచ్చాకే మా పని మొదలైంది. ఈసారి కింది మ్యాన్‌హోల్ దగ్గర మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ వచ్చారు. ఆటో లెవల్ పెట్టి ప్రతి పైపుకూ మట్టం చూశారు. కింద గుల్ల పడకుండా సన్నరాయి పరిచారు. ఎల్‌ఎస్ కాగితం నకలు ఒకటి మా సంఘం గదిలో గోడకు అంటించాం.

మట్టి కప్పే ముందు రోజు సాయంత్రం ఏఈ ఒక పరీక్ష చేశారు. పై మ్యాన్‌హోల్ అడుగున ఒక టార్చి లైటు పెట్టించి, కింది మ్యాన్‌హోల్‌లోకి కర్రకు కట్టిన అద్దాన్ని దించారు. పైపు ఎక్కడైనా కుంగినా పక్కకు జరిగినా వెలుగు సగమే కనిపిస్తుందట. ఆఖరింటి పెద్దావిడ కూడా వచ్చి నిలబడింది. ఏఈ అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పారు. పైనుంచి తొంగి చూస్తున్న మా అందరికీ అందులో ముప్పై మీటర్ల అవతలి వెలుగు, పైపు అంచు ఎక్కడా తెగకుండా, గుండ్రంగా కనిపించింది.